జాబితాలో దశరథ

సిద్దిరాములు ఎంత పిరికివాడో మన్సూరాబాద్‌లో ఆ గల్లీ వాళ్లనడిగితే చెబుతారు. వాటర్ ట్యాంకు దగ్గర కుక్క పడుకుని ఉంటే, అది కళ్లు మూసుకునే ఉన్నా సరే, వెనక గల్లీ చుట్టి ఇంటికొచ్చేవాడు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే "తప్పైందన్నా" అని తనే అనేవాడు. నోట్లో నాలుక లేని మనుషులు లోకంలో చాలామంది ఉంటారు గానీ, ఈయనకు నాలుక ఉండీ దాన్ని ఎప్పుడూ పనిలో పెట్టలేదు. భార్య అండాలు ఈ ముచ్చట్లన్నీ తను పనిచేసే చీరల షోరూములో చెప్పి తోటివాళ్లను నవ్వించేది. "దేవుడు మా ఆయనకు నోరు అన్నం తినేటందుకే ఇచ్చిండు" అనేది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో తన మాటకు ఆయన ఒక్కసారీ కాదనలేదని, అది మంచితనమో చేతగానితనమో తనకే తేలలేదని కూడా అనేది.

వాళ్లది పోచంపల్లి. తాతల నాటి నుంచీ మగ్గమే. సిద్దిరాములు చిటికి కట్టడంలో, అంటే రంగు అంటకూడని చోట నూలుకు ముళ్లు బిగించడంలో, చెయ్యి తిరిగిన మనిషి. మగ్గం కడుపు నింపడం మానేశాక అందరిలాగే పట్నం వచ్చారు. అండాలు దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒకప్పుడు తను ఇంట్లో ఆసు మీద నూలు చుట్టి ఇస్తే నేసిన చీరల్లాంటివే మడతలు విప్పి చూపించే పనిలో కుదిరింది. సిద్దిరాములు ఎల్బీనగర్ ఏజెంటు ద్వారా లిబియా పోయాడు. బెంగాజీ అనే ఊళ్లో ఇళ్లు కట్టే కంపెనీలో స్టోరు చూసే పని. అంత పిరికివాడు అంత దూరం ఎలా పోయాడంటారా, అండాలు పొమ్మంది, పోయాడు. కూతురు శ్రీకళ నల్గొండలో నర్సింగ్ హాస్టల్లో ఉంది. ఇంట్లో అండాలూ, అత్త కౌసల్యా మిగిలారు.

కౌసల్యకు ఇంకో కొడుకుండేవాడు. దశరథ, సిద్దిరాములు తమ్ముడు. అన్న లిబియా పోవడానికి ముందు ఎండాకాలంలో అతనికి జ్వరం ముదిరితే పట్నం దవాఖానకు తీసుకొచ్చారు. మంచం ఖాళీ లేదన్నారు. మూడు రోజులు వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఆ మూడు రోజుల్లో వచ్చి అతని పేరైనా రాసుకున్నవాళ్లు లేరు. నాలుగో రోజు పొద్దున ఆ చాప మీదే పోయాడు. కౌసల్య ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. కొడుకు చేనేత గుర్తింపు కార్డు మాత్రం సందూకలో చీరల కింద దాచుకుంది.

రెండు వేల పదకొండు ఫిబ్రవరిలో టీవీ రెండు ముక్కలైంది. ఒక ముక్కలో ఉస్మానియా విద్యార్థులు, బాష్పవాయువు పొగ. ఇంకో ముక్కలో లిబియా జనం, తుపాకుల పొగ. చదువు రాని కౌసల్య ఏ పొగ ఏ దేశానిదో కోడలిని అడిగి తెలుసుకునేది. సరిగ్గా అప్పుడే ఇక్కడ సహాయ నిరాకరణ మొదలైంది. తెలంగాణ ఇచ్చేదాకా ఏ ఉద్యోగీ ఏ కాగితం ముట్టొద్దని పిలుపు. కాలనీ ఆడవాళ్లకు ముందు నిలబడేది ఎప్పుడూ అండాలే. మొగుడికి ఇవ్వాల్సిన ధైర్యం కూడా దేవుడు ఆమెకే ఇచ్చేశాడని ఇరుగుపొరుగు అనుకునేవారు.

ఒకరోజు ఆమె పదిమందిని వెంటేసుకుని పక్కింటి వెంకటేశ్వరరావు గేటు ముందు నిలబడింది. ఆయన సర్కారు జూనియర్ కాలేజీలో లెక్చరర్, గెజిటెడ్ అధికారి. కాలనీలో ఎవరికి సర్టిఫికెట్ల కాపీ కావాలన్నా దాని మీద ఆకుపచ్చ సిరా సంతకం ఆయనదే. సాయంత్రాలు చైతన్యపురిలో గ్రూప్ వన్ పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతాడు. ఊరు తెనాలి పక్కన.

"సారూ, మా దిక్కు సార్లందరు పెన్ను కింద పెట్టిండ్రు. మీరు గూడ ఈడి నీళ్లే తాగుతున్నరు. మీరూ పెట్టాలె" అంది అండాలు.

వెంకటేశ్వరరావు గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "పాతికేళ్లుగా ఇక్కడే ఉన్నానమ్మా. నా అభిప్రాయాలు నాకుండొచ్చు. కానీ గేటు దాకా వచ్చి అడిగారు కాబట్టి కాదనను. సమ్మె అయ్యేదాకా ఎవరికీ సంతకం పెట్టను. మాట ఇస్తున్నాను. ఒక్కటే, రేపు మీలోనే ఎవరైనా వచ్చి మావాడికి ఒక్క సంతకం అంటే ఊరుకోను."

"అడిగేటోళ్లం కాదు సారూ" అంది అండాలు, పదిమంది తరఫునా. మనిషి తన నోటితోనే తన కాళ్లకు తాడు కట్టుకోవడమంటే ఇదే.

బెంగాజీ ఫోన్లు ఒక పూట పలికితే రెండు పూటలు పలకడం లేదు. మనసు ఆగక మర్నాడు అండాలు ఒక్కతే మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది. ఈసారి గేటు బయట కాదు, వరండాలోకి. వెంకటేశ్వరరావు పెద్ద అట్లాసు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఆ దేశం, ఆ ఎడారి, ఆ సముద్రం అన్నీ వేలితో చూపించాడు. పెద్ద దేశాల యుద్ధనౌకలు ఆ సముద్రంలోకి కదులుతున్నాయని చెప్పాడు. చెప్పడం మొదలుపెడితే ఆయనకు ఎదుట ఉన్నది చీరల షాపు అండాలా, గ్రూప్ వన్ క్లాసా అనే తేడా ఉండదు.

"న్యూయార్కులో ఒక గది ఉందమ్మా. అందులో పదిహేను దేశాల వాళ్లు కూర్చుంటారు. తొమ్మిది చేతులు లేవాలి, పెద్దవాళ్లు ఐదుగురిలో ఎవరూ వద్దనకూడదు. అప్పుడు విమానాలు లేస్తాయి. బెంగాజీ మీద బాంబు పడాలా వద్దా అన్నది ఆ గదిలో తేలుతుంది."

"పదిహేను మందేనా సారూ? మా కాలనీ సంఘంలనే ఇరవై ఒక్క మంది ఉన్నరు."

"పదిహేనే. ఈ రెండేళ్లూ అందులో మనం కూడా ఉన్నాం."

"మనోళ్లు చెయ్యి లేపుతరా?"

"లేపరనే నా లెక్క. మనవాళ్లు పద్దెనిమిది వేల మంది అక్కడ చిక్కుకున్నారు. వాళ్లందరూ బయటపడేదాకా మనం ఎవరినీ నొప్పించం, ఎవరినీ మెచ్చుకోం. విదేశాంగ విధానం అని పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలు రాస్తారు గానీ, సగం ఇదే."

అండాలు అట్లాసు మీద ఆ చిన్న చుక్కనే చూస్తూ నిలబడిపోయింది. తన మొగుడు, కుక్కను చూసి గల్లీ మారే మనిషి, ఆ చుక్కలో ఎక్కడో ఉన్నాడు. ఆయన కోసం న్యూయార్కులో ఎవరో చెయ్యి కిందనే ఉంచుకుని కూర్చుంటారట. ఇంటికొచ్చి అత్తకు చెబితే, కౌసల్య పూర్తిగా విని, "మన రాములు పేరు ఆల్లకెరుకనా?" అని మాత్రం అడిగింది.

మార్చి రెండున ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో జరిగింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తోపులాట మొదలైంది, లాఠీలు లేచాయి. అండాలు కుడి భుజం మీద ఒకటి పడింది. ఇంటికొచ్చేసరికి భుజం ఉబ్బిపోయింది. కౌసల్య ఉప్పు మూట వేడి చేసి కాపుతూ ఆ కొట్టినవాడిని ఏడు తరాలు తిడుతోంది. అప్పుడు ఫోను మోగింది. ఢిల్లీ నంబరు.

"అమ్మా, నమస్కారం. నా పేరు అరుణశ్రీ. లిబియాలో ఉన్నవాళ్ల కోసం ఢిల్లీలో పెట్టిన కంట్రోల్ రూం నుంచి మాట్లాడుతున్నాను. తెలుగువాళ్ల ఇళ్లతో నేనే మాట్లాడుతున్నాను. మీవారి కోసం బెంగాజీకి ఓడ వస్తోందమ్మా. మీరు కంగారు పడకండి."

ఇందాక భుజం మీద కొట్టిందీ సర్కారే, ఇప్పుడు అమ్మా అంటున్నదీ సర్కారే. రెండింటిలో ఏది అసలు సర్కారో ఆమెకు అర్థం కాలేదు.

"పాస్‌పోర్టులు కంపెనీ వాళ్ల దగ్గరే ఉండిపోయాయట. అలాంటివాళ్లకు ఇంటి నుంచి ఏదైనా గుర్తింపు కార్డు కాపీ కావాలి. గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో ఈ సాయంత్రం ఐదులోపు ఫ్యాక్స్ చెయ్యాలి. ఓడ రేపు బయలుదేరుతుంది. ఇద్దరివీ పంపండి. భోగ సిద్దిరాములు, ఆయన తమ్ముడు భోగ దశరథ."

"ఎవరు?" అంది అండాలు.

"దశరథ. మీ మరిదే కదమ్మా? మీవారు తన తమ్ముడని రాయించారు."

కౌసల్య చేతిలో ఉప్పు మూట ఆగిపోయింది. ఫోనులో గొంతు ఆమెకూ వినిపించింది. అండాలు ఏదో నసుగుతూ, "పంపిస్తమమ్మా" అని పెట్టేసింది.

గంట తిరక్కముందే సిద్దిరాములు ఫోను వచ్చింది. ఎవరిదో ఫోను అడుక్కుని చేస్తున్నాడు. రెండు నిమిషాల కంటే ఇవ్వరట. అండాలు కుశలం కూడా అడగలేదు. "సచ్చినోని పేరు ఎందుకు రాయించినవయ్యా, నీకేమైనా పిచ్చి లేసిందా" అంది.

ఆయన గబగబా చెప్పాడు. క్యాంపు మీదికి తుపాకులవాళ్లు వస్తే అందరూ గోడ దూకారు. రఫీకుల్ అని బంగ్లాదేశ్ మనిషి, అతనికి కాలు విరిగింది. మిగతావాళ్లు లారీల్లో ఈజిప్టు సరిహద్దుకు పోతూ అతన్ని ఎక్కించుకోలేదు. వాళ్ల దేశం నుంచి ఓడ వస్తుందో రాదో తెలియదు. ఇంటికి ఫోను కలవడం లేదు. ఎనిమిది రోజులుగా సిద్దిరాములే అతన్ని వీపు మీద మోసుకుంటూ దాచి పెడుతున్నాడు.

"వాళ్లది గూడ మగ్గమేనే. టాంగైల్ అని ఊరట, చీరలు నేస్తరట. ఇద్దరం ఒక్క కంచంల తిన్నం. ఇంట్ల మగోని కార్డు ఇంకోటి ఎవలది ఉన్నదని సూస్తే, దశరథదే యాదికొచ్చింది."

"నువ్వొక్కనివి రా. గాయిన సంగతి దేవుడు సూసుకుంటడు. ఇదంతా మనకెందుకు" అంది అండాలు. మనకెందుకు అనేది ఆ ఇంట్లో ఇన్నాళ్లూ సిద్దిరాములు మాట. ఇవాళ ఆ మాట ఆమె నోట వచ్చింది.

ఫోను తెగిందేమోనని ఆమె రెండుసార్లు అలో అలో అంది.

"వాడు లేకుంటె నేను రాను అండాలూ" అన్నాడు సిద్దిరాములు. భయపడుతూనే అన్నాడు. "ఏమనుకోకు" అని కూడా అన్నాడు. అంతలో లైను తెగింది.

ఇరవై రెండేళ్లలో అది ఆయన మొదటి కాదు. అండాలు ఫోను పట్టుకుని అలాగే కూర్చుంది. కోపం రావాలి, వచ్చింది. ఏడుపు రావాలి, అదీ వచ్చింది. కానీ ఆ రెండింటినీ మించి ఇంకోటి వచ్చింది. కొండను మొదటిసారి చూసినవాళ్లకు నోరు ఎలా తెరుచుకుంటుందో అలా. ఇన్నేళ్లూ ఏ మనిషితో కాపురం చేసిందో ఆమెకు ఒక్కసారిగా తెలియకుండా పోయింది.

ఇప్పుడు అత్తను ఎలా అడగడం? చచ్చిపోయిన కొడుకు కార్డును ఇంకెవడికో ఇవ్వమని ఏ కోడలు అడుగుతుంది? అండాలు తల దించుకునే సంగతంతా చెప్పింది. కౌసల్య చివరిదాకా విని ఒక్కటే అడిగింది.

"మగ్గం నేస్తడా వాడు?"

"నేస్తడట అత్తమ్మా."

కౌసల్య లేచి సందూక తీసింది. చీరలన్నీ ఒక్కొక్కటీ బయట పెట్టింది. అడుగున ఉన్న కార్డు తీసి, కొంగుతో తుడిచి, కోడలి చేతిలో పెట్టింది. "ఓడ పోతది, జల్ది పో" అంది.

మూడు దాటింది. గెజిటెడ్ ఆఫీసర్లందరూ పెన్నులు కింద పెట్టి కూర్చున్నారు, అందులో అండాలు గేటు ముందు నిలబడి పెట్టించినవాళ్లే ముగ్గురు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదీ. సిగ్గు విడిచి ఆమె వెంకటేశ్వరరావు వరండా ఎక్కింది. రెండు కార్డులూ, రెండు జిరాక్సులూ బల్ల మీద పెట్టింది. అబద్ధం చెప్పలేదు. దశరథ కర్మకు ఆయనా ఆయన భార్య సుమిత్రమ్మా వచ్చి భోంచేసి వెళ్లారు, ఎలా చెబుతుంది? ఉన్నదున్నట్టు చెప్పింది.

వెంకటేశ్వరరావు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"మాట సంగతి తర్వాత మాట్లాడదాం. సిద్దిరాములుది ఇప్పుడే పెడతాను, అది నిజం కార్డు. కానీ ఈ రెండోది ఏంటమ్మా? ఆ ఓడను రేవులోకి రానిస్తున్నది మనవాళ్లు మాత్రమే ఎక్కుతారన్న మాట మీద. మన దేశం మాట అది. అందులో ఇంకో దేశం మనిషి దొరికాడనుకోండి, వెయ్యి మందితో ఆ ఓడ అక్కడే ఆగిపోతుంది. రేపు ఇంకో ఓడను రానివ్వరు. నేను పద్దెనిమిది వేల మంది గురించి ఆలోచించాలి."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చౌరస్తాలో అంత గొంతు వేసుకుని అరిచే మనిషి నేల చూస్తూ నిలబడింది. సుమిత్రమ్మ తెచ్చిన మజ్జిగ గ్లాసు అలాగే చేతిలో ఉంది.

"మీరు సెప్పింది నిజమే సారూ" అంది చివరికి. "మీకు పద్దెనిమిది వేల మంది కనబడుతున్నరు. నాకు అండ్ల మా ఆయనొక్కడే కనబడుతున్నడు. గాయినకు మాత్రం పక్కనున్నోడు కనబడుతున్నడు. వాని కాలు ఇరిగిందట. వాణ్ణి ఇడిసిపెట్టి ఓడెక్కమని మీరే సెప్పుండ్రి, ఫోన్ ఒస్తే ఇస్త. నేను సెప్పిన, ఇనలే."

వెంకటేశ్వరరావు లేచి వరండాలో అటూ ఇటూ తిరిగాడు. లోపలికి వెళ్లి అట్లాసు చూశాడో, దేవుణ్ణి చూశాడో గానీ, వచ్చేసరికి చేతిలో ఆకుపచ్చ పెన్నూ, రబ్బరు స్టాంపూ ఉన్నాయి. దశరథ కార్డునూ దాని కాపీనూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూశాడు, పరీక్ష పేపరు దిద్దినంత శ్రద్ధగా.

"గెజిటెడ్ ఆఫీసరుగా నేను సంతకం పెట్టేది ఈ కాపీ ఈ కార్డుకు సరిపోయిందని" అన్నాడు తనతో తనే అంటున్నట్టు. "సరిపోయింది. మనిషి ఉన్నాడా లేడా అని ఇందులో ఎక్కడా అడగలేదు."

పెన్ను కాగితం దాకా వెళ్లి ఆగింది. "సమ్మె అయ్యేదాకా పెట్టనని మాటిచ్చాను" అన్నాడు.

"ఆ మాట పుచ్చుకున్నదీ ఆవిడే, వద్దంటున్నదీ ఆవిడే" అంది సుమిత్రమ్మ. "ఇంకెవర్ని అడుగుతారండీ? నాలుగైపోతోంది."

ఆయన రెండు సంతకాలూ పెట్టాడు. స్టాంపు ఊది ఆరబెడుతూ, "ఇరవై రెండేళ్లుగా విదేశాంగ విధానం చెబుతున్నాను. చెయ్యడం ఇవాళే" అన్నాడు. ఆ మాటంటున్నప్పుడు ఆయన మొహంలో గర్వం లేదు, భయమే ఉంది.

బస్సులు లేవు, ఆటోలు లేవు. అండాలు ఉబ్బిన భుజంతో దిల్‌సుఖ్‌నగర్ దాకా సగం నడిచింది, సగం పరిగెత్తింది. ఎల్బీనగర్ దగ్గర తనతో పొద్దున కూర్చున్నవాళ్లే అడ్డం వస్తే, కాగితాలు గుండెకు హత్తుకుని దారి అడుక్కుంది. సంతకమున్న కాగితమని తెలిస్తే ఏమనేవాళ్లో. బస్ డిపో ఎదురుగా జిరాక్సు షాపు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరింది. ఐదుకు పది నిమిషాలుండగా కాగితాలు మిషన్లోకి వెళ్లాయి. దశరథ ఫోటో ఎలాగూ వెలిసిపోయింది, ఢిల్లీలో అది నల్లటి మచ్చలాగే బయటికొచ్చి ఉంటుంది. అరుణశ్రీ మాత్రం ఫోను చేసి, "రెండూ అందాయమ్మా" అంది.

తర్వాత మూడు రోజులు ఏ ఫోనూ లేదు. అండాలు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేది. నాలుగో రోజు సిద్దిరాములు గొంతు వినిపించింది. ఓడ ఈజిప్టు ఒడ్డుకు చేరింది. దిగారు. ఇద్దరూ దిగారు.

శంషాబాద్‌లో విమానం దిగినప్పుడు ఆయన మీద ఎవరిదో స్వెట్టరు, కాళ్లకు రెండు రకాల చెప్పులు ఉన్నాయి. కండ పోయి ఎముకలు తేలాయి. ఇంటికొచ్చాక ఓడ గురించి చెబితే అత్తాకోడళ్లిద్దరూ నోరు తెరుచుకుని విన్నారు. ఐదంతస్తుల ఓడట. ఎక్కేటప్పుడు మెట్ల దగ్గర ఆఫీసరు జాబితా చూసి ఒక్కొక్కరి పేరూ పిలిచాడట. భోగ దశరథ అని పిలిచేసరికి రఫీకుల్‌కు అది తన పేరని గుర్తు రాలేదట, సిద్దిరాములే తన వీపు మీదున్న వాడి చెయ్యి పట్టి పైకెత్తాడట. అలెగ్జాండ్రియాలో దిగాక వాళ్ల దేశం వాళ్లు వచ్చి రఫీకుల్‌ను తీసుకుపోయారు. విడిపోతూ చిన్నపిల్లల్లా ఏడ్చారట.

"భయం కాలేదా నీకు?" అని అడిగింది అండాలు.

"ఎందుకు కాలేదే. ఇప్పటికీ అయితుంది" అన్నాడు సిద్దిరాములు. ఆ సాయంత్రమే ట్యాంకు దగ్గర కుక్కను చూసి వెనక గల్లీ నుంచి వచ్చాడు. అండాలు నవ్వలేదు. షోరూములో ఆయన కథలు చెప్పడం కూడా మానేసింది. పక్కన పడుకున్న మనిషిని పొద్దున్నే లేచి కాసేపు చూసి, అప్పుడు స్టవ్ వెలిగించుకునేది.

మార్చి ఇరవై ఆదివారం. న్యూయార్కు గదిలో పది చేతులు లేచి మూడు రోజులైంది. ఐదు దేశాలు లేపలేదు, కాదనీ అనలేదు. అందులో మనదీ ఒకటి. లెక్క తప్పలేదని చెప్పడానికి వెంకటేశ్వరరావు స్వయంగా వీళ్లింటికొచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. టీవీలో విమానాలు లేచాయి. బెంగాజీ బయట రోడ్డు మీద లారీలు, ట్యాంకులు కాలి మసైపోయి ఉన్నాయి. సిద్దిరాములు ఆ రోడ్డును గుర్తుపట్టాడు. పిడికిలి బిగించి చూస్తున్నాడు. ఒక ఊరిని కాపాడటానికని ఆకాశం నుంచి వచ్చే అంత బలం లోకంలో ఉందని, అది వచ్చిన చోట నేల అలా ఉంటుందని అండాలు మొదటిసారి చూసింది.

ఫోను మోగింది. ఢిల్లీ నంబరు. అండాలు స్పీకరు నొక్కింది.

"అమ్మా, నేను అరుణశ్రీని. మీ మరిదిగారు ఇంటికి చేరారా? మా జాబితాలో దశరథగారు ఓడ దిగినట్టుంది, విమానం ఎక్కినట్టు లేదు. మళ్లీ లిబియాలోకి వెళ్లారేమోనని మాకు భయంగా ఉంది. అక్కడ బాంబులు పడుతున్నాయి. సరిహద్దులో ఉన్న మా వాళ్లు ఇద్దరు బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నారు. ఒక్క మనిషి తేలకపోయినా ఈ జాబితా మూయలేమమ్మా."

నిజం చెబితే సిద్దిరాములు జైలుకు పోతాడు, సారు కొలువు పోతుంది. చెప్పకపోతే, ఎప్పుడో పోయిన దశరథను వెతుక్కుంటూ ఎవరి కొడుకులో ఇద్దరు ఆ రోడ్డు మీదికి పోతారు. వెంకటేశ్వరరావు కళ్లద్దాలు తీసేశాడు. సిద్దిరాములు మొహం పాలిపోయింది. అయినా చెయ్యి చాచాడు.

"ఇటియ్యి. నేనే రాయించిన, నేనే సెప్త."

ఫోను ఆయన చేతికి అందేలోపే కౌసల్య తీసుకుంది. ఆమె అంతకుముందు ఎప్పుడూ ఆ ఫోను పట్టుకోలేదు. చెవికి ఎటువైపు పెట్టుకోవాలో తెలియక రెండు చేతులతో మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"నేను దశరథ తల్లిని బిడ్డా."

"నమస్కారం అమ్మా. మీ అబ్బాయి ఎక్కడున్నారో మీకు తెలుసా?"

"ఇంటికొచ్చిండు బిడ్డా. ఎవ్వలను తోలకుండ్రి. పాపం ఆల్లకు గూడ తల్లులుంటరు."

"మీరు కళ్లారా చూశారు కదమ్మా? నేను అలాగే రాసుకోవాలి."

"సూసిన."

అవతల ఆ అమ్మాయి గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. "ఎంత మంచి మాట చెప్పారమ్మా. పది రోజుల నుంచీ రోజూ పొద్దున మీ అబ్బాయి పేరే చూసుకుంటున్నాం" అంది.

కౌసల్య ఫోను వంకే చూస్తూ ఉండిపోయింది.

"దవాఖానల మూడొద్దులు పండుకున్నడు బిడ్డా నా కొడుకు. ఒక్కలు అడగలే పేరు. జర మల్లొకసారి అను, ఏమని రాసుకుంటున్నవో."

అరుణశ్రీకి ఏమర్థమైందో, ఎంత అర్థమైందో చెప్పలేం. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత బడిలో హాజరు పిలిచినట్టు, ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా చదివింది.

"భోగ దశరథ. తండ్రి భోగ బక్కయ్య. ఊరు పోచంపల్లి. వృత్తి చేనేత. వయసు ముప్పై నాలుగు. క్షేమంగా ఇల్లు చేరారు."

"రాయి బిడ్డా" అంది కౌసల్య.